రెండు చెంబుల నీళ్ళు

వల తీయాలి. నీళ్ళు కదలకుండా ఆకులు ఏరాలి. మోకాళ్ళ మీద కూర్చుని, కన్ను నీటికి సమానంగా పెట్టి స్కేలు చూడాలి. అంకె రాయాలి. తగ్గినంత నీరు ఎర్ర గీత దాకా పోయాలి. మళ్ళీ వల కప్పాలి. అన్నీ పొద్దున సరిగ్గా ఎనిమిదింటికి చేయాలి.

ఈ కాగితాన్ని వనిత జనవరిలో తన చేత్తోనే రాసి ఇంటి వెనక గోడకు అంటించింది. ఆ ఇంట్లో డిగ్రీ దాటి చదివింది ఆమె ఒక్కతే. ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చివరి ఏడాది ప్రాజెక్టుకు, ఆరుబయట నీరు ఎండకు రోజుకెంత ఆవిరవుతుందో వంద రోజులు కొలవాలి. తను సిటీలో యూనివర్సిటీ హాస్టల్లో ఉంటుంది కాబట్టి, ఇబ్రహీంపట్నంలో తమ పెరట్లో మూడడుగుల ఇనుప తొట్టి పెట్టించి, కొలిచే పని తండ్రి ఇస్తారికి ఒప్పజెప్పింది.

ఇస్తారి అయిదో తరగతి దాకా చదివాడు. శేరిగూడలో ఒక కాలేజీకి రాత్రి కాపలా. పొద్దున ఆరున్నరకు ఇల్లు చేరితే, మునుపు కాళ్ళు కడుక్కుని మంచమెక్కేవాడు. తొట్టి వచ్చాక ఎనిమిదయ్యేదాకా కన్ను మూయలేదు. కొలత చూసి, నోటుబుక్కులో రాసి, బిడ్డకు ఫోన్ చేసి చెప్పి అప్పుడు పడుకునేవాడు.

వనిత "రాసుకున్న బాపు" అనేది. ఏప్రిల్ రెండో వారం దాటాక ఆ మాట అనేటప్పుడు ఆమె చేతిలో కలం కూడా ఉండేది కాదు.

ఎందుకంటే ప్రాజెక్టు పుస్తకం యూనివర్సిటీలో అప్పటికే ఇచ్చేసింది. తోటివాళ్ళంతా ప్రాజెక్టులు బైండు చేయిస్తున్నారు. తన దగ్గరేమో డెబ్బై చిల్లర రోజుల లెక్కలే ఉన్నాయి. ఇంకొంచెం గడువు కావాలని, ప్రాజెక్టు చేయించే సుశీల మేడంను అడగడానికి నోరు రాలేదు. హాస్టల్లో ఎవరో సీనియర్ వదిలివెళ్ళిన పాత ప్రాజెక్టు దొరికితే, అంకెలు అటూ ఇటూ మార్చి, డిసెంబరులోనే మొదలుపెట్టినట్టు తేదీలు వేసి వంద రోజులూ నింపేసింది. ఇంట్లో చెబుదామనుకుంటూనే మూడు వారాలు గడిపింది.

ఆ మూడు వారాల్లోనే ఇంట్లో నీళ్ళు కరువయ్యాయి. బోరు ఎండిపోయింది. ట్యాంకరు మూడు రోజులకొకసారి వస్తే వచ్చినట్టు. తల్లి బుగ్గమ్మ ఆ తొట్టిని సవతి అని పిలవడం మొదలుపెట్టింది. సూర్యునికి తాపడానికి నీళ్ళున్నాయి గానీ తను తలకు పోసుకోవడానికి లేవని ఇరుగుపొరుగుకు చెప్పుకునేది.

మే మూడు, ఆదివారం. బుధవారం వైవా ఉందని వనిత శనివారమే ఇంటికొచ్చింది. ట్యాంకరు రాక నాలుగు రోజులైంది. ఎనిమిదవుతుండగా ఇస్తారి చెంబు పట్టుకుని, ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క బిందె దగ్గరికి వచ్చాడు. బుగ్గమ్మ బిందె మూతి మీద అరచెయ్యి పెట్టింది.

"అన్నం దేంతోని వండాలె? నీ తొట్లె నీళ్ళతోనా?"

"ఇంక రెండు దినాలే. బిడ్డ సదువు ఆగమైతది, ఇడువు."

"సదువు నీ ఒక్కనిదా? ఆ దూరం ప్లాట్ల బోరు కాడికెళ్ళి దీనికి నీళ్ళు మోసింది నేను గాదా?"

ఇస్తారి ఆమె చెయ్యి తీయబోయాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ ఒక బిందె కోసం అలా పెనుగులాడటం వనిత ఎన్నడూ చూడలేదు. గడపలో నిలబడ్డ ఆమె ముందుకొచ్చింది.

"పొయ్యకు బాపు. పుస్తకం ఇచ్చేసిన. మూడు వారాలాయె. పాత పుస్తకంల చూసి రాసిన."

"మరి నేను దినాం చెప్పినయి?"

"అవి రాసుకోలే, బాపు."

"రాసుకున్న అంటివి గదనే," అన్నాడు ఇస్తారి. చెంబు కింద పెట్టి, లోపలికి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తిడితే బాగుండుననిపించింది ఆమెకు. బుగ్గమ్మ కూడా తిట్టలేదు. నోటుబుక్కు తెచ్చి బిడ్డ ఒళ్ళో పడేసింది. "గిప్పుడు దీన్ని పొయ్యిల పెట్టాల్నా?"

వంకర అంకెలు, ఒక్కో పేజీకి పది. వనిత తిప్పుతూ పోయింది. మూడు చోట్ల అంకె లేదు, మాటలున్నాయి.

ఫిబ్రవరి 19. వల జారింది. కుక్క తాగినట్టున్నది. లెక్క లేదు.

మార్చి 8. జరం. లేవలేదు. లెక్క లేదు.

ఏప్రిల్ 28. నిన్న బుగ్గమ్మ రెండు చెంబులు తీసింది. ఆమెనే చెప్పింది. లెక్క లేదు.

వనిత తల్లి వైపు చూసింది. బుగ్గమ్మ మొహం తిప్పుకుంది.

"బియ్యం కడగనీకి సుక్క లేకుండె. మీ బాపు పండినంక తీసిన. ఎవ్వలు సూడలే. కానీ నీ లెక్క తప్పుతదేమోనని పానం ఊకోలే. లేపి చెప్పిన."

ఆ రోజుకు వనిత దొంగ లెక్కల పుస్తకం ఇచ్చి రెండు వారాలు దాటింది. ఒక్క రోజైనా ఖాళీ లేదని మేడం మెచ్చుకుంది కూడా. ఆ మెప్పును తను నవ్వుతూ తీసుకుంది. వనిత నోటుబుక్కు మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది.

కొంతసేపటికి లేచి మంచం దగ్గర కూర్చుంది. రేపే మేడంకు చెప్పేస్తానంది. ఆరు నెలలు వెనకబడొచ్చు, ఇంకా పెద్ద శిక్షే పడొచ్చు, ఏదైనా సరే అంది. ఇస్తారి గోడ వైపు నుంచి తిరగకుండానే అడిగాడు.

"టైమెంతైంది?"

"ఎనిమిదిన్నర, బాపు."

"ఇయ్యాల్టిది తప్పింది. ఎందుకు తప్పిందో రాయి."

ఆమె కలం తీసుకుంది. మే 3 అని వేసి, "వనిత అబద్ధం చెప్పింది. లెక్క లేదు" అని రాసింది. ఇస్తారి ఇటు తిరిగి, ఆ వాక్యాన్ని కూడబలుక్కుని చదివాడు. చెయ్యి చాచి బిడ్డ తల మీద పెట్టాడు. పెరట్లో నీళ్ళు పోస్తున్న చప్పుడైంది. ఇద్దరూ వెళ్ళి చూస్తే బుగ్గమ్మ వంగి, ఎర్ర గీత దాకా తొట్టి నింపుతోంది.

"రెండు దినాలే గద," అంది తలెత్తకుండానే.

సంగతి విన్న సుశీల మేడం బుధవారం వైవాకు రానివ్వలేదు. చదువు ఆరు నెలలు వెనక్కి పోయింది. కొత్త పుస్తకంలో తొంభై ఆరు అంకెలున్నాయి. మిగిలిన నాలుగు రోజులకూ నోటుబుక్కులో ఉన్న మాటలే ఉన్నాయి. ఆరు నెలలకు జరిగిన వైవాలో పరీక్షించే సారు ఒక వరస మీద వేలుపెట్టి, ఈ బుగ్గమ్మ ఎవరని అడిగాడు.

"మా అమ్మ, సార్," అంది వనిత.

ఆ పుస్తకం ఇప్పుడు డిపార్ట్‌మెంటు బీరువాలో ఉంది. దాన్ని మళ్ళీ ఎవరైనా తీస్తారో లేదో తెలియదు. బుగ్గమ్మకు చదవడం రాదు, అందులో తన పేరు ఎక్కడుందో కూడా తెలియదు. ఎవరూ చూడకపోయినా నిద్రపోతున్న మనిషిని లేపి నిజం చెప్పిన ఆమెను, ఇది చదివిన మీరైనా గుర్తుంచుకోండి.