చెరువు వైపు బాల్కనీ

"ఎనిమిది నెలలుగా నయన మన మనిషి," అన్నాడు చీఫ్ రఘునందన్. "ఆ మాట నిజమో కాదో ఇవాళ తేలిపోతుంది."

అన్వేష్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. విదేశీ ముఠాలో పనిచేస్తున్న నయనను ఇటు తిప్పింది తనే. 'పూర్తిగా నమ్మవచ్చు' అని రిపోర్టు రాసి సంతకం పెట్టిందీ తనే.

మేడ్చల్‌లో ఓ టైర్ల షాపు పైన గది. కింద ఎయిర్ కంప్రెసర్ మోత. టేబుల్ మీద ఒకే ఒక ఫోటో. అరవై ఏళ్ల స్త్రీ. నెరిసిన జుట్టు, దళసరి కళ్లద్దాలు.

"డాక్టర్ మాధవీలత. మన కొత్త క్షిపణికి దారి చూపే ప్రోగ్రాం ఈవిడ బుర్రలో పుట్టిందే. చివరి పరీక్ష వచ్చే వారం. శామీర్‌పేట చెరువు ఒడ్డున, కోఆపరేటివ్ సొసైటీలో ఐదో అంతస్తు ఫ్లాట్. నాలుగు బెడ్‌రూములు, చెరువు వైపు పెద్ద బాల్కనీ. అమ్మేస్తున్నారు."

"కొనడానికి వచ్చేది నయన."

"అవును. స్టడీ రూంలో మైకు పెట్టి రమ్మని ముఠా పంపిస్తోంది. దాని బదులు మన డమ్మీ పెడతానని నయన ఒప్పుకుంది. నువ్వు ఆమె వెంట వచ్చిన వాస్తు సిద్ధాంతివి. డమ్మీయే పెట్టిందని కళ్లారా చూడాలి."

"మాధవీలత గారికి చెప్పామా?"

"లేదు. ఆవిడకు అబద్ధం ఆడటం రాదు. మొహంలో తెలిసిపోతుంది."

రఘునందన్ ఓ బరువైన ఇత్తడి దిక్సూచి అందించాడు. మూత కింద సిగ్నల్ డిటెక్టర్. దగ్గర్లో ఏ రహస్య ట్రాన్స్‌మిటర్ పనిచేసినా అరచేతిలో వణుకుతుంది.

"ఇంకో మాట. కొనేవాళ్లకు కుక్క ఉందా, డ్రమ్ములు వాయిస్తారా అని కూడా ఆ సొసైటీ కమిటీ ఆరా తీస్తుంది. జాగ్రత్త. మనకంటే వాళ్లే గట్టివాళ్లు."

ఆదివారం ఉదయం పదీ నలభై. నుదుట నిలువు బొట్టు, భుజాన ఉత్తరీయంతో అన్వేష్ ఐదో అంతస్తులో లిఫ్ట్ దిగాడు. నయన అప్పటికే గుమ్మం ముందుంది. నేరేడు రంగు చీర, నల్లద్దాలు, భుజం మీద ఎర్ర పట్టు స్టోల్.

"ద్వారం తూర్పేనా సిద్ధాంతి గారూ?"

"తూర్పే. నీడ మాత్రం పడమటిది."

కోడ్ కుదిరింది. నయన నవ్వి బెల్ కొట్టింది.

లోపల హాలు క్రికెట్ ఆడుకునేంత ఉంది. సగం పుస్తకాలు అట్టపెట్టెల్లోకి చేరాయి. వంటగదిలో గిన్నెలకు పాత పేపర్లు చుడుతున్న శివమ్మ తొంగిచూసింది. శామీర్‌పేట బెస్తవాళ్ల ఆడమనిషి. పదేళ్లుగా ఈ ఇంట్లోనే పని.

"వాస్తు మీద నాకు నమ్మకం లేదు," అంది మాధవీలత. "పదహారేళ్లున్నాను. ఏ దిక్కూ నన్నేం చేయలేదు."

"ఉండేవాళ్ల మహిమ అమ్మా," అన్నాడు అన్వేష్.

స్టడీ రూం. అటు తిరిగి మాధవీలత కిటికీ తలుపు తెరుస్తుండగా నయన వేళ్లు టేబుల్ కిందికి వెళ్లి వచ్చాయి. అన్వేష్ దిక్సూచి పట్టుకుని వంగాడు. అది కదల్లేదు. డమ్మీయే. గుండె మీంచి ఎనిమిది నెలల బరువు దిగినట్టయింది.

"బాల్కనీ చూద్దామా ఆంటీ? నేను మనసు పారేసుకుంది దాని మీదే," అంది నయన.

బాల్కనీకీ హాలుకూ మధ్య గోడంతా అద్దాలే. ఎదురుగా చెరువు నీళ్లు కళ్లు జిగేలుమనిపిస్తూ నిశ్చలంగా ఉన్నాయి. నయన స్టోల్ తీసి రెయిలింగ్ మీద వేసింది. వెంటనే ఫోన్ మోగింది.

"మా ఆయన. మీరు ఇక్కడే నిలబడండి ఆంటీ, వీడియోలో మిమ్మల్నీ వ్యూనీ చూపిస్తాను. ఒక్క నిమిషం, లోపల సిగ్నల్ చూసుకుని వస్తా."

ఆమె అడుగుల చప్పుడు హాలు దాటి వెళ్లింది. శివమ్మ చల్ల గ్లాసులతో వచ్చి, చెరువు వైపు చూసి ఆగిపోయింది.

"ఎవడాడు? వల గప్పుకొని పడవల కూసున్నడు!"

"చేపలు పట్టేవాడేమో."

"గీ నెలల ఎవడు పడ్తడు పంతులూ? చవితి ఎల్లినంక చేప పిల్లల నిడిసినం. గవి పెద్దగయ్యేదాంక ఎవడు వలకు చెయ్యి వెట్టొద్దని మా బెస్తోల్ల సంఘం కట్టు. మా తమ్ముడు ముత్తయ్య సంఘంల మెంబరే. గీ ఊరోడైతే వల ఇంట్లకెల్లి తియ్యనే తియ్యడు."

అన్వేష్ అరచేతిలో దిక్సూచి వణికింది.

స్టడీ రూంలో కదలనిది ఇక్కడ కదిలింది. రెయిలింగ్ వైపు ఒక అడుగు వేశాడు. వణుకు పెరిగింది. స్టోల్ దగ్గర అది చేతిలో నిలవడం లేదు. స్టోల్ అంచు కుట్టులో ఏదో గట్టిగా తగిలింది. ఇంతసేపూ ఆగి ఉన్నదాన్ని నయన లోపలికి వెళ్లి ఫోన్‌తో ఇప్పుడే ఆన్ చేసింది.

పడవలో వల పక్కకు జారింది. నాలుగు రెక్కల నల్లటి డ్రోన్ లేచింది. దాని పొట్ట కింద డబ్బా.

"లోపలికి పరిగెత్తండి! డ్రోన్‌కు బాంబు కట్టారు!"

మాధవీలత కదల్లేదు. అరిగిన మోకాళ్లతో పరుగు ఆవిడ వల్ల కాదు. కళ్లు మాత్రం డ్రోన్‌ను కొలుస్తున్నాయి.

"ఏదో సిగ్నల్ పట్టుకుని, దాని వెంటే వస్తోంది. సిగ్నల్ ఎక్కడుంది?"

"ఈ స్టోల్‌లో!"

"ఆపడం కుదరదు. దారి మళ్లించాలి. స్టోల్‌ను నీళ్ల వైపు, వీలైనంత దూరం విసురు. ఊరికే విసిరితే గాలికి తేలుతుంది. బరువు కట్టు!"

రెండు వందల గజాలు. అన్వేష్ స్టోల్‌తో దిక్సూచిని చుట్టి ముడి వేశాడు. నూరు గజాలు. పట్టుగుడ్డ జారింది. మళ్లీ ముడి. మర తిరిగినట్టు డ్రోన్ మోత చెవుల్లో నిండిపోయింది. ఉన్న బలమంతా పెట్టి విసిరి, మాధవీలతను లాక్కుని నేల మీద పడ్డాడు.

డ్రోన్ మొహం చిట్టచివరి క్షణంలో కిందికి తిరిగింది. ఎర్ర పట్టు వెంట దూసుకుపోయింది.

చెరువు అంచున నీళ్లు తాటిచెట్టంత లేచాయి. అద్దాలన్నీ ఒక్కసారే రాలాయి.

"పిల్లలు! నా చేప పిల్లలు!" శివమ్మ గుండెలు బాదుకుంది.

అన్వేష్ మెట్లు దూకుతూ కిందికి వచ్చేసరికి గేటు దగ్గర నయన, వాచ్‌మన్ కుర్మయ్య ఎదురెదురుగా ఉన్నారు.

"పై మేడం ఫోన్ల ఓకే గొడ్తెనే గేటు దీస్త. సొసైటీ రూలు."

"పేలుడు వినపడలేదా? తియ్యి!"

"ఇనవడ్డది. అందుకే ఇగ అసలే తియ్య."

అన్వేష్‌ను చూసి నయన నల్లద్దాలు తీసింది. "డమ్మీ నిజంగానే పెట్టాను అన్వేష్. అబద్ధం ఆడలేదు."

"తెలుసు. దాన్నే చూస్తూ ఉంటాననుకున్నావు. అలాగే చూస్తూ ఉండిపోయాను." అతను ఆమెకు సంకెళ్లు వేశాడు, రిపోర్టు మీద సంతకం పెట్టిన చేతులతోనే.

పావుగంట తర్వాత చీఫ్ ఫోన్.

"మాధవీలత?"

"క్షేమం సార్. చల్ల తాగుతున్నారు. పరీక్షకు తనే వస్తానంటున్నారు."

"పడవలో వాడు?"

"ముత్తయ్య సంఘం వాళ్లు ఒడ్డుకు లాక్కొచ్చి తంతున్నారు. ఈ నెలలో వల తీసినందుకు. డ్రోన్ సంగతి వాళ్లకింకా తెలియదు."

"ఇంతకీ ఫ్లాట్ ఎలా ఉందోయ్?"

అన్వేష్ తలెత్తి ఐదో అంతస్తు వైపు చూశాడు. ఒక్క అద్దం మిగల్లేదు. లోపలి కర్టెన్లన్నీ బయటికి ఎగురుతున్నాయి.

"గాలి బాగా వస్తోంది సార్."