కొండ వార్డు గొంతు

నూకరత్నానికి రెండు నోళ్లున్నాయని పోలమ్మ అన్నదట. ఒకటి తన ఇంటికట, రెండోది ఊరికట.

పోలమ్మ ఆ మాట పెరుగమ్మే మనిషితో అంది. ఆవిడ చిట్టెమ్మకు చేరేసింది. చిట్టెమ్మ కొండ పైనున్న గాజు అర ముందు మెట్లను తడిగోనెతో తుడుస్తూ, పనికొచ్చిన నూకరత్నం బట్టల మీది పుప్పొడిని దులుపుగాలి ఊదేసినంతసేపూ ఓపిక పట్టింది. గాలి ఆగగానే బయటపెట్టేసింది.

"నానన్న మాట కాదక్కా, ఆళ్లన్నదే సెప్తన్నాను. ఊరందరికీ పచ్చ అని సెప్తావట. నీ ఇంటికి మాత్రం ఊపిరితెర దించీసుకుంటావట. మొన్న నువ్వు పచ్చన్నావని పోలమ్మ అత్త బంగారమ్మ ఎండుసేపలు ఆరబెట్టడానికి మేడెక్కిందట. సందేలకి గాలాసుపత్రిలో ఏసినారు. ఇంకా గొట్టం తియ్యలేదు."

"మొన్న నేను పచ్చనలేదే. ఎరుపన్నాను."

చిట్టెమ్మ గోనె పిండడం ఆపింది. "కొమ్ములో నీ గొంతు నానెరగనా అక్కా? 'అమ్మలారా అయ్యలారా, ఇయాల పచ్చ, తెరలు తీసుకోండి' అన్నావు."

నూకరత్నం లోపలికి వెళ్లి తలుపు బిగించుకుంది.

పెనుగాలికి నగరంలో చెట్లన్నీ కూలిపోయిన తరువాత, తొందరగా ఎదుగుతాయని వీధివీధినా ఏడాకుల చెట్లు నాటారు. అవి వానలు వెనకబట్టగానే అన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పూస్తాయి, ఆ పుప్పొడికి జనానికి ఊపిరాడదు. ఆ రోజుల్లో గాలిసంఘం ప్రతి తెల్లవారుజామునా వీధి కొమ్ముల్లో వార్డువారీగా రంగు చెబుతుంది. ఎరుపయితే రేవుకు దిగే జల్లెడ గేటు మూతపడుతుంది, ఇళ్లకు పుప్పొడిని ఆపే ఊపిరితెరలు దిగుతాయి, సందె వరకు ఎవరూ బయటికి రారు. మొదట్లో యంత్రమే చెప్పేది. జనం దాన్ని లెక్కచెయ్యలేదు. అందుకని ఏ వార్డు మనిషితో ఆ వార్డుకు చెప్పించే పద్ధతి వచ్చింది. కొండ వార్డుకు నూకరత్నం గొంతు.

గొంతుగా ఉన్నవాళ్లు ఇరుగుపొరుగుతో రంగు ఊసెత్తకూడదు. చెప్పవలసింది మాటగొట్టంలో చెప్పి, సందె దాకా గాజు అరలోనే ఉండాలి. తలుపు తెరిస్తే బయటి పుప్పొడి పడి, రాత్రి గాలిలోని రేణువులను పట్టిన జిడ్డుపట్టీ చెడుతుంది. ఆ అరలోకి బయటి చప్పుడు రాదు. ఇన్నేళ్లలో నూకరత్నం కొమ్ములో తన గొంతు ఒక్కసారీ వినలేదు. ఇంటికి చేరేసరికి వీధిలో అన్ని తెరలూ లేచే ఉండేవి.

ఆమె జిడ్డుపట్టీ ఒలిచి కటకం కింద పరిచింది. మూడు కన్నాల గుండ్రటి రేణువులు, చల్లిన ఆవాల్లా, పట్టీ కనబడనంత దట్టంగా ఉన్నాయి. మణికట్టు పట్టీ నొక్కి అలవాటుగా ఇంటి తెర దించింది. మాటగొట్టం దగ్గర నోరు పెట్టి "ఎరుపు" అంది.

ఆ తరువాత తలుపు తెరిచింది.

కొండంతా ఆమె గొంతే మోగుతోంది. గొంతులో ఆ చిన్న జీర, చివర్లో ఆ సాగదీత అన్నీ తనవే. "అమ్మలారా అయ్యలారా, ఇవాళ పచ్చ." కింద వీధిలో తెరలు ఒక్కొక్కటే పైకి లేచాయి. ఆమె ఇంటిది ఒక్కటే దిగి ఉంది.

ఆమె అన్న అప్పలసూరి గాలిసంఘంలో సర్దుబాటుదారు. తల్లీ తండ్రీ పోయాక చెల్లెల్ని పెంచిందీ, పుప్పొడి చదవడం నేర్పిందీ అతనే. మధ్యాహ్నం ఆమె వెళ్లేసరికి బల్లమీది వెలుగుపటంలో వార్డులను వేలితో జరుపుతున్నాడు.

"అన్నయ్యా, నా ఎరుపు ఏమైంది?"

"తలుపు తీశావన్నమాట." అతను తలెత్తలేదు. "పట్టీ చెడిపోద్ది కదమ్మా."

"పట్టీ బాగానే ఉంది."

అప్పలసూరి వేలు ఆపాడు. "చూడు నూకీ. ఊరంతా ఒకేసారి ఎరుపైతే రేవులో ఓడల సరుకు దింపేదెవరు? ఏదో ఒక వార్డు పచ్చగా ఉండాల. కొండోళ్ల ఊపిరితిత్తులు గట్టివి."

"ఎవరు తేల్చారు?"

"ఎవరో ఒకరు తేల్చాలి కదా. నేనే తేల్చాను."

"బంగారమ్మ గొట్టం మీదుంది. అమ్మ పోయినప్పుడు మనిద్దరికీ అన్నం పెట్టిన మనిషి."

"తెలుసు. పొద్దున్న కమలాపళ్లు ఇచ్చొచ్చాను."

"యంత్రంతోనే పచ్చ అనిపించవలసింది. నా గొంతెందుకు?"

"యంత్రం పచ్చంటే మీ వీధిలో ఒక్కడైనా తెర తీస్తాడేటే?"

ఆమెను పనిలో పెట్టిన రోజున సంఘం పెద్దల ముందు అతనన్న మాట నూకరత్నానికి ఇంకా గుర్తుంది. "మా చెల్లికి అబద్ధమాడ్డం చేతకాదండీ. కొండలో అందరికీ తెలుసు." ఆ మెప్పును ఆమె ఇన్నేళ్లూ చీర చెంగున ముడేసుకున్నట్టు దాచుకుంది. సంతలో ఎద్దును అమ్మేవాడు పళ్లు చూపించినట్టు చూపించాడని ఇప్పుడు అర్థమైంది.

"అందుకేనా నన్ను పెట్టావు?"

"తిన్నావా? కేరేజీలో పులుసుంది," అన్నాడు అప్పలసూరి.

ఆమె తినలేదు.

మర్నాడు తెల్లవారుజామున పట్టీ ఇంకా చిక్కగా ఉంది. నూకరత్నం మాటగొట్టంలో "ఎరుపు" అనేసి, అరకు తాళం వేసి, మెట్లు దిగసాగింది. సగం దిగేసరికి పైన తన గొంతే మొదలైంది, పచ్చ అని. ఆమె ఆగకుండా జల్లెడ గేటు దాకా వెళ్లి చేతులు చాపి అడ్డంగా నిలబడింది.

ముఠా కూలీలు, చేపల బుట్టలవాళ్లు రేవుకు దిగే తీగబండి ఎక్కడానికి వస్తున్నారు.

"ఎరుపు," అంది నూకరత్నం. "ఎవరూ దిగొద్దు. ఇళ్లకెళ్లి తెరలు దించుకోండి."

ముందున్న ముఠా మేస్త్రీ కొమ్ముకేసి, ఆమెకేసి చూశాడు. "అదేటమ్మా, పైన నువ్వే పచ్చంటన్నావు, ఇక్కడ నువ్వే ఎరుపంటన్నావు. తమాసాగుందా?"

"అది నా మాట కాదు. నా గొంతులో వాళ్లు మార్చిన మాట. ఎన్నాళ్లుగా మారుస్తున్నారో నాకూ తెలీదు. నిన్ననే విన్నాను."

మణికట్టు పట్టీ అదిరింది. అన్నయ్య పిలుస్తున్నాడు. ఆమె దాన్ని ఊడదీసి మెట్ల పక్క కాలవలో పడేసింది. పైన కొమ్ము మళ్లీ మొదటినుంచి అందుకుంది. కూలీలు ఎక్కలేదు, వెనక్కీ వెళ్లలేదు. తలుపులు బార్లా తెరుచుకున్న తీగబండి కాసేపు ఆగి, ఖాళీగానే రేవుకేసి కదిలిపోయింది. దాని వెనక ఇంకొకటి కూడా అలాగే పోయింది.

గుంపును తోసుకుంటూ పోలమ్మ ముందుకు వచ్చింది. చేతిలో ఆసుపత్రికి తీసుకెళ్లే గంజి కేరేజీ ఉంది.

"పోలమ్మా, నువ్వయినా చెప్పవే వీళ్లకి," అంది నూకరత్నం. "నన్ను నమ్మమని చెప్పు."

పోలమ్మ కేరేజీ చెయ్యి మార్చుకుంది.

"నిన్ను నమ్మబట్టే కదే మా అత్త మేడెక్కింది."