తప్పుకున్నవాడి మలుపు

మా కొండమీద ఒక మలుపుంది. దాని పేరెత్తితే ఊళ్ళో సగం మంది శిలువ గుర్తు వేసుకుంటారు, మిగతా సగం మంది నవ్వేస్తారు. నవ్వేవాళ్ళు కూడా పొద్దువాలాక అటు పోరు, అది వేరే సంగతి.

తప్పుకున్నవాడి మలుపు అంటారు దాన్ని.

మంచుచెప్పులేసుకుని నడిచినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. నడవనివాళ్ళు వినండి. కాళ్ళకి జల్లెడంత చెప్పులున్నా సరే, కొత్త మంచులో ముందు నడిచేవాడికి తల ప్రాణం తోకకొస్తుంది. దిగబడుతూ, మంచుని అదుముతూ వాడు దారి తొక్కాలి. వెనకవాళ్ళకి హాయి. అందుకే వంతులు పెట్టుకుంటాం. ముందున్నవాడు అలిసిపోతే పక్కకి తప్పుకుని నిలబడతాడు. వరసంతా దాటాక చివర చేరి "నేనున్నా" అంటాడు. ఆ మాట చెవినపడేదాకా చివరి మనిషి కదలకూడదు. మా తాతల నాటి నుంచీ అంతే.

ఆ తాతల రోజుల్లోనే, క్రిస్మస్‌కి ఇళ్ళకొస్తున్న కలప కూలీల్లో ఒకడు ఆ మలుపు దగ్గర పక్కకి తప్పుకున్నాడట. చలి... ఆకలి... ఇంటి ధ్యాస... ఎవడూ ఆగలేదు. ఎవడూ వెనక్కి చూడలేదు. మంచు కరిగాక దొరికాడు — ఫర్ చెట్టుకి ఆనుకుని, నిలబడే ఉన్నాడట.

అప్పట్నుంచీ చీకటిపడ్డాక ఆ మలుపులో చివర నడిచేవాడికి వెనక ఇంకో జత చెప్పుల చప్పుడు వినిపిస్తుందంటారు. చప్... చప్... ఆ తర్వాత "నేనున్నా" అన్న ఆ మాట. పలక్కూడదంటారు. పలికితే నీ చోటు వాడిది, వాడి చోటు నీది.

నేనైతే నమ్మేదాన్ని కాదు. కొండ కింద ఇంట్లో ఉంటూ, దిగొచ్చేవాళ్ళకి బఠాణీ సూప్ కాచి పోసేదాన్ని, నాకు దెయ్యాలతో పనేంటి?

ఇక మొన్న జనవరిలో జరిగింది చెప్తాను. మలుపు దగ్గర సంగతి వాళ్ళ నోట విన్నది. మా ఇంట్లో సంగతి నా కళ్ళతో చూసింది.

నలుగురు స్నేహితులు. గయేతాన్ అందరికంటే పెద్దవాడు, వాడి మాట ఎవరూ కాదనరు. ఒమేర్ నోట్లో నాలుక లేనివాడు. లూసెట్ మా ఊరి స్కూలు బస్సు నడుపుతుంది, కొండెక్కితే మగాళ్ళని మించిపోతుంది. నాలుగోవాడు ఫెర్నాన్ — స్వయానా నా మేనల్లుడు. చెప్పుకోవాలంటే తల కొట్టేసినట్టుంటుంది గానీ, వాడొట్టి కోతలరాయుడు. వాడి కబుర్లు వింటే ఈ కొండ వాడే తెచ్చి ఇక్కడ పెట్టాడనుకోవాలి.

ఆ శనివారం పొద్దున్నే ఎక్కారు. మధ్యలో వాడి వంతు వచ్చింది.

"ఒరే ఫెర్నాన్, ముందుకి రా" అంది లూసెట్.

"ఉండవే బాబూ, చెప్పు పట్టీ వదులైంది."

"నీ వంతు వచ్చినప్పుడే వదులవుతుందేంరా ఆ దిక్కుమాలిన పట్టీ?"

అందరూ పగలబడి నవ్వారు. వాడూ నవ్వాడు. కానీ ముందుకి మాత్రం రాలేదు. పోనీలే అని వాడి వంతు కూడా ఆవిడే తొక్కింది. వెళ్ళేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే.

దిగేసరికి ఆలస్యమైంది. మా దగ్గర శీతాకాలం పొద్దు సంగతి తెలిసిందే, సాయంత్రం కాకుండానే చీకటి. పైగా మంచు మొదలైంది. గాలి లేచింది. సరిగ్గా ఆ మలుపు దగ్గరే... లూసెట్ పక్కకి తప్పుకుంది.

"ఇక నా వల్ల కాదు గయేతాన్, నువ్వు తొక్కు. నేను చివర చేరతా."

గయేతాన్ దాటాడు. ఒమేర్ దాటాడు. చివర ఫెర్నాన్.

వాడు ఆగాలి. ఆ మాట వినాలి. ఆగలేదు... నాలుగడుగులు వేసేశాడు. అప్పుడు గుర్తొచ్చింది వాడికి, తను ఎక్కడున్నాడో.

వెనక చీకటి. ఫర్ చెట్ల హోరు.

చప్...

ఒక చెప్పు చప్పుడు. ఆగింది. మళ్ళీ — చప్... ఏదో ఈడ్చుకొస్తున్నట్టు.

ఫెర్నాన్ మెడ తిప్పలేదు.

"నే...నున్నా..."

అది ఆడ గొంతో మగ గొంతో తెలీదు. బొంగురుగా, మంచు కింద నుంచి వస్తున్నట్టుంది.

పరుగు! మంచుచెప్పులతో పరిగెత్తేవాణ్ణి ఎప్పుడైనా చూశారా? బాతు నయం. ఒమేర్‌ని నెట్టేసి, గయేతాన్‌ని దాటేసి, మెత్తటి మంచులో పడుతూ లేస్తూ పోయాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు దారి తొక్కింది అదే మొదలు.

"ఏంట్రా ఆ దూకుడు? లూసెట్ ఉందా వెనక?" గయేతాన్ అరిచాడు.

"ఉంది... ఉంది. వెనకే ఉంది. పదండి, పదండి!"

చివర నడిచినవాడు 'వెనక ఉంది' అన్నాడంటే ఉన్నట్టే. మాలో ఎవరూ ఆ మాటని తిరిగి అడగరు. గయేతాన్ అడగలేదు.

అంతదాకా వాళ్ళు చెప్పింది. ఇక మా ఇల్లు.

ముందు ఫెర్నాన్ వచ్చాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. బూట్లు విప్పి, తడి మేజోళ్ళు పొయ్యి మీద తీగకి వేసి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. తర్వాత మిగతా ఇద్దరూ.

"లూసెట్ ఏదిరా?" అన్నాన్నేను.

"కారు దగ్గరుంది అత్తా. సామాను సర్దుతోంది."

ఎంత తేలిగ్గా అనేశాడో! నేనూ నమ్మాను. వాడి గిన్నెలో సూప్ పోశాను. తల ఎత్తకుండా తాగేశాడు. మళ్ళీ నిండా పోశాను. అదీ తాగాడు. చలికి ఆకలేసింది కాబోలు పిల్లాడికి అనుకున్నాను, నా మొహం!

గయేతాన్ కిటికీ దగ్గరికెళ్ళి అద్దం తుడిచాడు. చాలాసేపు చూశాడు.

"ఫెర్నాన్... కారు మీద మంచు కదల్లేదురా. దాని చుట్టూ అడుగుజాడ లేదు."

గయేతాన్ గబగబా కోటు అందుకున్నాడు. ఆ చలిలో, ఆ గాలిలో ఒంటరిగా మనిషి ఎంతసేపు బతుకుతుంది? మరియమ్మ తల్లీ, మరియమ్మ తల్లీ అంటూ దీపం కోసం వెతుకుతున్నాను —

తలుపు తెరుచుకుంది.

లూసెట్! కనుబొమల నిండా మంచు. మూతికి కట్టుకున్న కండువా రాయిలా గట్టిపడింది. ఒక కాలికి చెప్పు ఉంది, రెండోది విరిగి చంకలో ఉంది.

మమ్మల్నెవర్నీ చూడలేదావిడ. తిన్నగా ఫెర్నాన్ దగ్గరికి పోయి వాణ్ణి గట్టిగా వాటేసుకుంది.

"ఒరే వెధవా... నువ్వు వెనక్కి రాకపోతే ఈపాటికి నేను పోయేదాన్నిరా!"

నేను వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాను.

"చెప్పు విరిగింది. నెత్తిమీది లైటు చలికి చచ్చింది. పిలిచా, ఎవరూ ఆగలేదు. మీ జాడలు గాలికి పూడిపోయాయి. ఇక అయిపోయిందనుకుని ఆ చెట్టు కింద కూలబడ్డా. అప్పుడొచ్చాడు వీడు!" మా వైపు తిరిగి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. "ఒక్క ముక్క మాట్లాడలేదు. నా ముందు నిలబడి దారి తొక్కడం మొదలెట్టాడు. ఒక్కో అడుగూ రెండుసార్లు అదిమి, విరిగిన చెప్పుతో కూడా నడవగలిగేలా. పిలిస్తే వెనక్కి తిరగడు. ఇన్నాళ్ళూ ఎగ్గొట్టిన వంతులకి సిగ్గుపడుతున్నాడులే అనుకున్నా. ఏరా, సిగ్గుపడ్డావా?"

గయేతాన్ నావైపు చూశాడు. ఒమేర్ నేలవైపు చూశాడు. ఆ గదిలో లూసెట్‌కి తప్ప అందరికీ తెలుసు — వాడు రెండు గిన్నెల సూప్ తాగుతూ అక్కడే కూర్చున్నాడని.

మేం నోరు మూసుకుంటే సరిపోయేది. వాడూ మూసుకోవచ్చు. ఎప్పుడూ చెయ్యని గొప్ప పనికి ఒక ఆడది కన్నీళ్ళతో దణ్ణం పెడుతోంటే కోతలరాయుడికి ఇంకేం కావాలి? ఆ ఒక్క క్షణం, వాడు 'అవును, నేనే' అనేస్తాడేమోనని నేను భయంతో చచ్చిపోయాను.

"నేను కాదే..." అన్నాడు వాడు.

"చాల్లే, ఇప్పుడు వినయం ఒకటి."

"నేను రాలేదు లూసెట్. మొదటిసారి పిలిచినప్పుడు... ఆ మలుపులోవాడనుకున్నా. రెండోసారి పేరు పెట్టి పిలిచావు. అప్పుడు నువ్వేనని తెలిసింది." వాడు కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు. "తెలిసి కూడా ఆగలేదు. అప్పటికే వెనకుందని గయేతాన్‌కి చెప్పేశా. వెనక్కెళ్తే భయపడి పారిపోయానని అందరికీ తెలిసిపోతుంది. మీరు నవ్వుతారని... దానికోసం నిన్ను వదిలేశా."

లూసెట్ చేతులు వాడి భుజాల మీంచి జారాయి. వాడి కాళ్ళవైపు చూసింది. ఒట్టి కాళ్ళు. పొయ్యి మీద ఆరిపోయిన మేజోళ్ళు. బల్ల మీద ఖాళీ గిన్నె.

తిట్టినా బావుండేది. చెంప పగలగొట్టినా బావుండేది. నా మేనల్లుడు కదా, నాకే నేలలోకి దూరిపోదామనిపించింది.

కాసేపటికి ఆవిడ మొహం మారింది. నెమ్మదిగా తలుపువైపు తిరిగింది.

"మరి..." గుసగుసగా అంది. "ఇప్పుడే, ఈ గుమ్మం ముందు... నన్ను ముందు పొమ్మని పక్కకి తప్పుకుని నిలబడ్డాడు."

పక్కకి తప్పుకున్నవాడు అందరూ దాటాక వెనకే వచ్చి చేరతాడని మా ఊళ్ళో చంటిపిల్లని అడిగినా చెబుతుంది.

నేను గడియ వెయ్యడానికి లేచాను. నిజం చెప్తున్నా, గడియ వెయ్యడానికే లేచాను. ఫెర్నాన్ నాకంటే ముందు తలుపు దగ్గరికి పోయాడు. వణుకుతున్నాడు, పళ్ళు కొట్టుకుంటున్నాయి. తలుపు బార్లా తీశాడు. ఒట్టి కాళ్ళతో మెట్టు మీది మంచులోకి దిగాడు.

బయట చీకటి తప్ప ఏమీ కనపడలేదు.

"ఉన్నారా?" అన్నాడు.

గాలి ఆగినట్టయింది. ఎవరూ పలకలేదు.

"లోపలికి రండి... చలిగా ఉంది. సూప్ వేడిగానే ఉంది, రండి."

తలుపు పట్టుకుని, దారికి అడ్డం లేకుండా ఓ పక్కకి జరిగి నిలబడ్డాడు. మంచు ఇంట్లోకి వచ్చి పడుతోంది. పొయ్యి సన్నగిల్లింది. లూసెట్ వణుకుతూనే గిన్నె తీసుకుని సూప్ పోసి బల్ల మీద పెట్టింది. తలుపు వెయ్యమని మాలో ఎవ్వరం అనలేదు.