ఆఖరి ఆవిరి ఎవరిది?

ఇనారి సరస్సు ఉత్తరపు ఒడ్డున ఉన్న చేపలవేట బసలో ఆవిరిస్నానాల గదికి చెడ్డపేరుంది. పగలంతా దానికేం లేదు. సాయంత్రం అతిథులు మూడు జట్లుగా స్నానాలు చేసి వెళ్ళేదాకా కూడా ఏం లేదు. ఆ తరవాతే... ఆఖరి ఆవిరి ఆయనది. ఆయనెవరో పేరుపెట్టి ఎవరూ అనరు.

మునుపటి పడవవాడు ఒకసారి ఆ వేళప్పుడు తలుపు తీశాడట. తెల్లారేసరికి మనిషి లేడు. బూట్లు కూడా మర్చిపోయి పోయాడట.

ఈ ఏడు పడవ నడపడానికి తౌనో చేరాడు. ఆరోజు ఎదురుగాలిలో తొమ్మిది గంటలు తెడ్లు వేసి భుజాలు కొయ్యబారిపోయాయి. పొద్దున్నే మళ్ళీ పడవెక్కకపోతే యజమాని ఇంకొకణ్ణి పిలిపిస్తాడు. ఆ భుజాలకు కావలసింది వేడి. ఆ వేడేమో ఆవిరిగది తలుపు వెనకాల ఊరికే చల్లారిపోతోంది.

"పోకురా అబ్బీ," అంది వంట చేసే ఐలి అవ్వ, వాడి చూపు ఎటు పోతోందో కనిపెట్టి. "ఆయనకి కోపమొస్తే..." అంటూనే చేపల పులుసు గరిటెతో కలిపింది.

అందరూ పడుకున్నాక తౌనో తువ్వాలు భుజానేసుకుని బయల్దేరాడు. సెప్టెంబరు చీకటి. ఆవిరిగది తలుపుకి చెవి ఆనించాడు.

చుయ్...

లోపల ఎవరో ఆవిరి లేవడానికి పొయ్యిమీద కాలిన రాళ్ళమీద నీళ్ళు పోశారు.

వాడి పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా భయం కంటే భుజం సలుపే ఎక్కువైంది. తలుపు తోశాడు. కమ్ముకున్న ఆవిరిలో, కూర్చునే పైబల్ల మీద... ఏదో తెల్లగా...

"తలుపు వెయ్యి," అని గుసగుసలాడింది అది. "వేడి పోతోంది."

తౌనో వేశాడు. లోపలినుంచి వేశానని తరవాతగాని తెలియలేదు.

ఆవిరి విడింది. తెల్ల దుప్పటి చుట్టుకుని, నెత్తిన ఉన్నిటోపీతో ఐలి అవ్వ.

"నేనే. ఇరవై ఏళ్ళుగా నేనే. దెయ్యం లేకపోతే ఈ పట్నం అతిథులు నాకు గరిటెడు వేడైనా మిగులుస్తారా? కూర్చో. వీపిటు తిప్పు."

సలుపు పోయేలా ఆకుల కొమ్మలకట్టతో వీపు వాయించింది. భుజాలు కరిగి కిందికి దిగాయి. ఆ హాయికి తౌనోకి ఏడుపొచ్చినంత పనైంది.

"మరి ఆ పాత పడవవాడు?"

"వాడొచ్చేసరికి దుప్పటి చుట్టుకోలేదులే."

వెళ్ళబోతూ అవ్వ బకెట్ నిండా నీళ్ళు తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది.

"మన తరవాత ఎవరూ లేరు కదవ్వా?"

"మొదటి ఏడు నేనూ అట్లాగే అనుకున్నా," అంది అవ్వ, బయటికొచ్చి తలుపు మూస్తూ. "పద. వెనక్కి చూడకు."

పది అడుగులు వేశారో లేదో... వెనకాల, ఆ ఖాళీ గదిలో —

చుయ్...

"ఇప్పుడెట్లా ఉన్నాయిరా భుజాలు?" అంది అవ్వ.

జవాబు చెప్పడానికి తౌనో అక్కడ లేడు; చీకట్లో బస వైపు పరిగెడుతున్న అడుగుల చప్పుడే వినిపించింది.