మనవరాలికి ఆధారం లేదు

మంగళవారం మధ్యాహ్నం రెండూ పదికి, ఇంటర్నెట్‌లోని విజ్ఞాన సర్వస్వంలో ఛాంపియన్ జీవిత చరిత్ర నుంచి ఒక వాక్యాన్ని తొలగించారు. 'చివరి పోటీలో కుడి మోకాలికి దెబ్బ తగిలింది. అప్పటి నుంచి కుంటుతూ నడుస్తారు' అన్నది ఆ వాక్యం. తొలగించినవాడు కారణం కూడా రాశాడు: ఆధారం లేదు.

ఆ సాయంత్రం ఛాంపియన్ తన ఇంటి మెట్లు కుంటకుండా దిగారు.

తొలగించినవాడు ఒక దినపత్రికలో స్పోర్ట్స్ పేజీ సబ్ ఎడిటర్. ఆఫీసులో అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. 'ఆధారం' అంటారు. బయట వాన పడుతోందని ఎవరైనా చెబితే కిటికీ దాకా వెళ్ళి చూసి వచ్చే రకం. తీరిక దొరికితే ఆ విజ్ఞాన సర్వస్వంలో క్రీడాకారుల వ్యాసాలు సరిచేస్తుంటాడు. అందులో ఎవరైనా రాయొచ్చు. కాకపోతే ఎక్కడో ఒకచోట అచ్చయిన విషయమే నిలుస్తుంది. అచ్చులో లేనిది ఎంత నిజమైనా పోతుంది.

ఛాంపియన్ పదివేల మీటర్ల పరుగు వీరుడు. పోటీల నుంచి తప్పుకుని ముప్ఫై ఏళ్ళు దాటింది. స్కూలు పుస్తకంలో ఆయన బొమ్మ చూసి పెరిగినవాళ్ళలో ఆధారం ఒకడు. అందుకే ఆయన వ్యాసంలో ఒక్క పొల్లు మాట ఉండకూడదని పట్టుబట్టాడు.

బుధవారం ఆ వ్యాసం చర్చా పేజీలో ఎవరో రాశారు: "మోకాలు మళ్ళీ పెట్టండి."

"ఆధారం చూపించండి," అని ఇతను జవాబిచ్చాడు.

"ఎక్స్‌రే ఉంది."

"ఎక్స్‌రే చెల్లదు. అచ్చయినది కావాలి."

"ఎక్స్‌రే కూడా అచ్చయ్యేదే కదండీ, ఫిల్మ్ మీద."

ఆఫీసులో అతను నవ్వడం విని పక్క సీటువాడు తిరిగి చూశాడు.

"ఇంతకీ మీరెవరు?"

"ఆ మోకాలికి ఫిజియోని. మీరు ఆ వాక్యం తీసేసిన రోజు నుంచి ఆయన కుంటడం లేదు."

"మంచిదేగా మరి?"

"మంచిది కాదు. ఒకసారి వచ్చి చూడండి. అడ్రసు ఇస్తున్నాను. గొడుగు తెచ్చుకోండి, మా వీధిలో నీళ్ళు నిలుస్తాయి."

డ్యూటీ సాయంత్రం నాలుగింటికి. గురువారం మధ్యాహ్నం వెళ్ళాడు. గొడుగు మరిచిపోయాడు.

క్లినిక్ అంటే ఇంటి కింది భాగంలో ఒక గది. పట్టుకుని నడవడానికి రెండు ఇనుప కడ్డీలు, నిలువుటద్దం, నేల మీద పరుపు, మూలన మైనం కరిగించే మిషను. గోడ మీద మార్కర్‌తో చేసిన ఒక సంతకం. దాని పక్కనే ఫోటో, అదే సంతకం చేస్తున్న ఛాంపియన్‌ది. ఫోటోలో పెన్ను ఎడమచేతిలో ఉంది.

"ప్రారంభం రోజు నేనే తీశాను," అంది ఫిజియో. "బూట్లు అక్కడ విప్పండి. గొడుగు తెమ్మన్నానుగా?"

"వాన పడుతుందని ఖాయంగా తెలియలేదు."

"ఇప్పుడు తెలిసిందా, ఇంకా ఆధారం కావాలా?"

అతని చొక్కా నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె తువ్వాలు విసిరింది. అతను పట్టుకోలేకపోయాడు.

ఛాంపియన్ కిటికీ దగ్గర కూర్చుని పేపర్లో గళ్ళనుడి నింపుతున్నారు. ఆమె ఎక్స్‌రే తీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంది. "ఇదిగో, ఎముకకీ ఎముకకీ మధ్య సందు లేదు. ఈ మోకాలు ముప్ఫై ఏళ్ళుగా తొంభై డిగ్రీలు దాటి వంగింది లేదు. చూడండి." గొంతు పెంచింది. "తాతయ్యా, రబ్బరు కింద పడింది."

ఛాంపియన్ లేచి, గొంతుకూర్చుని, రబ్బరు తీసుకుని లేచారు. ఆయన లేస్తుంటే ఆ కీలులోంచి ఎండుకట్టె విరిగిన చప్పుడు వచ్చింది. గది ఈ చివరన ఉన్న ఆధారానికి కూడా వినిపించింది.

"నొప్పి లేదా తాతయ్యా?"

"నొప్పా? నాకెందుకే?" అని ఆయన మళ్ళీ గళ్ళలో పడ్డారు.

"వాచిపోయింది. ఆయనకి తెలియడం లేదు," అంది ఆమె గొంతు తగ్గించి. "నొప్పి తెలిస్తేనే కదా మనిషి ఆగేది. పొద్దున పరుగుకి వెళ్తానని బూట్లు వెతుకుతున్నారు. ఇలాగే ఉంటే ఆ కాలు ఇక దక్కదు."

"మీరు ఆయన మనవరాలా? వ్యాసంలో ఉంది, ఫిజియోథెరపిస్ట్ అయిన ఒక మనవరాలు అని." అతను ఫోన్లో చూశాడు. "దీనికీ ఆధారం లేదే."

"నాకు ఆధారం లేదా? మీ ఎదురుగా నిలబడితే?"

"నిలబడితే చాలదండీ. అచ్చులో రావాలి."

"అబ్బ, మిమ్మల్ని కన్నతల్లి ఎలా భరిస్తోందో."

ఆయన కుంటడం మానడానికీ తన దిద్దుబాటుకీ సంబంధం లేదని, కాకతాళీయమని అతను చెప్పాడు. కావాలంటే ఇప్పుడే చూపిస్తానన్నాడు. వ్యాసంలో ఎవరికీ అక్కర్లేని వాక్యం ఒకటి ఉంది, 'ఎడమచేతి వాటం' అని. దానికీ ఆధారం లేదు. అక్కడే బల్ల మీద కూర్చుని ఫోన్లో తీసేశాడు.

ఛాంపియన్ ఎడమచేత్తో ఒక అక్షరం సగం రాశారు. పెన్సిల్ కుడిచేతిలోకి మార్చుకున్నారు. మిగతా సగం రాశారు. రెండు సగాల్లో రాత తేడా లేదు.

బయట వాన పడుతూనే ఉంది.

"మళ్ళీ పెట్టండి," అందామె.

అతను పెట్టాడు. నిమిషం తిరక్కుండా వాక్యం మళ్ళీ మాయమైంది. తీసింది 'ఎర్రపెన్ను' అనే మారుపేరుతో రాసే ఇంకో ఎడిటర్. ఎర్రపెన్నుని అతనెప్పుడూ చూడలేదు. ఆధారం లేనిది ఉంచకూడదన్న పాఠం మాత్రం ఆ మనిషికి చెప్పింది ఇతనే.

"ఈ వ్యాసంలో ఆధారం లేనివి ఇంకా ఉన్నట్టున్నాయి," అని ఎర్రపెన్ను చర్చా పేజీలో రాసింది. "పైనుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తాను."

శుక్రవారం ఆధారం తన పత్రిక పాత సంచికల గదిలో దుమ్ములో కూర్చున్నాడు. చివరి పోటీ మర్నాటి పేజీ దొరికింది. మోకాలి దెబ్బ అందులో ఉంది. సంచిక తేదీ, పేజీ నంబరుతో సహా వాక్యాన్ని తిరిగి పెట్టాడు. ఈసారి ఎర్రపెన్ను ముట్టుకోలేదు.

ఫోన్ మోగింది.

"కుంటుతున్నారు," అందామె. నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి అర్థం కాలేదు. "అమ్మా అని కూలబడ్డారు. ఐసు పెట్టాను. సొంత తాతయ్య కుంటుతుంటే ఇంత సంబరపడ్డదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను."

"ఎడమచేతికి కూడా వెతుకుతున్నాను."

"వెతుకుదురుగానీ, ముందు టీ తాగడానికి రండి. కప్పు ఎదురుగా పెడతాను. అచ్చులో అక్కర్లేదుగా?"

అతను శుక్రవారం వెళ్ళాడు. శనివారమూ వెళ్ళాడు. శనివారం వెళ్ళడానికి కారణం ఏమిటని ఆఫీసులో అడిగితే జవాబు చెప్పలేకపోయాడు. అతను కారణం చెప్పలేకపోవడం అదే మొదటిసారని పక్క సీటువాడు అందరికీ చాటాడు.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఛాంపియన్ రోజూలాగే వ్యాయామానికి కిందికి వచ్చారు. గుమ్మంలో ఆగారు. ఫిజియోకి చేతులు జోడించారు.

"నమస్కారమండీ. కొత్తగా వచ్చారా? ఇదివరకు మిమ్మల్ని ఇక్కడ చూసినట్టు లేదు."

"తాతయ్యా, ఆటలొద్దు."

ఆయన ఇబ్బందిగా నవ్వి, ఇంటి మెట్ల వైపు తిరిగి కూతుర్ని పిలిచారు. "అమ్మాయ్, ఈ డాక్టరమ్మ నన్నెవరో అనుకుంటున్నట్టుంది."

కూతురు ఆయనకి గుర్తుంది. కూతురి సంగతి ఒక పాత ఇంటర్వ్యూలో అచ్చయింది. ఆ ఇంటర్వ్యూ నాటికి మనవరాలు పుట్టలేదు.

ఆమె ఆధారానికి ఫోన్ చేసింది. "తీసేశారు కదూ నన్ను?"

"నేను కాదు. ఎర్రపెన్ను. ఇప్పుడే చూశాను, తొమ్మిదింటికి రెండు నిమిషాల ముందు."

"మీరే అన్నారుగా, నాకు ఆధారం లేదని. ఎవరు తీస్తే ఏం? నేర్పింది మీరు." ఫోన్ పెట్టేసింది.

అతను చీఫ్ సబ్ ఎడిటర్ ఇంటికి వెళ్ళాడు. ఆయన టిఫిను తింటూ విన్నాడు. "ఛాంపియన్‌కి మనవరాలుంది. సరే. ఇందులో వార్తేముందయ్యా? నీకూ మేనత్త ఉంది. వేశామా?"

అక్కడి నుంచి క్లినిక్‌కి నడిచాడు. వాన మొదలైంది. ఫిజియో మైనం మిషను పక్కన నేల మీద కూర్చుని ఉంది.

"ఆయన నన్ను మీరు అంటున్నారు," అంది తలెత్తకుండా. "పుట్టినప్పటి నుంచి ఒసేయ్ చిట్టెలుకా అన్నవారు. ఎంత మర్యాదగా అంటున్నారో తెలుసా? తిట్టినా బాగుండేది."

అతను కాస్త దూరంలో కూర్చున్నాడు. "వార్త లేకపోతే వెయ్యరట."

"వార్త కావాలంటే ఏం జరగాలి?"

"ఏదో ఒకటి. అవార్డు, ప్రమాదం, పెళ్ళి."

"అవార్డు నాకెవరూ ఇవ్వరు. ప్రమాదానికి నాకు ఓపిక లేదు." ఆమె చున్నీతో ముక్కు తుడుచుకుంది. "నిశ్చితార్థం అయిందని వేస్తే?"

"జరగనిది వెయ్యం."

"జరిగితే?"

"ఎవరితో?"

"దానికి కూడా ఆధారం చూపించమంటారా?"

అతను మైనం మిషను వైపు చూశాడు. తర్వాత కడ్డీల వైపు. "ఒక్క వాక్యం కోసమైతే వద్దు," అన్నాడు. "మీ తాతయ్యకి గుర్తు రావాలని నన్ను చేసుకుంటే, ఆయనకి గుర్తొచ్చాక నేనెందుకు మీకు?"

"శనివారం ఎందుకొచ్చావు?"

నువ్వు అంది. అతనికి వినపడింది.

"టీకి."

"టీ శుక్రవారం తాగావు. గొడుగు తెచ్చుకోమని రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ తడిసి వచ్చావు. ఇవాళ చెప్పకపోయినా తడిసే వచ్చావు. తాతయ్య కోసమే అయితే వీధి చివర మెడికల్ షాపు అబ్బాయి ఉన్నాడు, ఏడాదిగా అడుగుతున్నాడు. ఈపాటికి వార్త అచ్చయ్యేది."

"ఆ అబ్బాయి అడిగినట్టు..."

"ఆధారం అడిగావో, మైనం పోస్తాను."

అతను అడగలేదు.

ఆమె తల్లి మెట్ల మీద నిలబడి అంతా విన్నది. "అబ్బాయి మంచివాడేనా?" అని కూతుర్నే అడిగింది.

"అచ్చులో ఎక్కడా లేదమ్మా."

"సరేలే. ముందు తల తుడుచుకోమను."

ఆ వారంలోనే ఆ గదిలో రెండు కుటుంబాల ముందు ఉంగరాలు మార్చుకున్నారు. ఛాంపియన్ అతిథిలా మూల కుర్చీలో కూర్చున్నారు. "డాక్టరమ్మకి శుభాకాంక్షలు," అని చప్పట్లు కొట్టారు. ఫిజియో నవ్వింది, తర్వాత లోపలికి వెళ్ళి కాసేపటికి వచ్చింది.

వార్త ఆధారం రాయలేదు. సొంత వార్త సొంతంగా రాసుకోకూడదని పక్క సీటువాడికి ఇచ్చాడు. ఎడమచేతికి కూడా ఆధారం దొరుకుతుందని గోడ మీది ఫోటోని జత చేశాడు. దాని కింద వ్యాఖ్య మాత్రం తనే రాశాడు: 'మనవరాలి క్లినిక్ గోడపై ఎడమచేత్తో సంతకం చేస్తున్న ఛాంపియన్.' పంపే ముందు ఫోటో చూశాడు. పెన్ను ఎడమచేతిలో ఉంది.

మర్నాడు ఉదయం పేపరు పట్టుకుని క్లినిక్‌కి వెళ్ళాడు. వ్యాసంలో అతను చెయ్యి పెట్టలేదు, ఇప్పుడు ఆ ఇంటి మనిషి కాబట్టి. చర్చా పేజీలో వార్త వివరం మాత్రం ఇచ్చాడు. పదీ నలభైకి ఎర్రపెన్ను వ్యాసంలో ఒక వాక్యం చేర్చింది. 'ఛాంపియన్‌కు ఫిజియోథెరపిస్ట్ అయిన మనవరాలు ఉంది.'

కడ్డీలు పట్టుకుని నడుస్తున్న ఛాంపియన్ ఆగారు.

"ఏమే చిట్టెలుకా, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు?"

ఆమె వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. "ఇక్కడే ఉన్నాను తాతయ్యా."

"మరి ఆ డాక్టరమ్మ ఏది? పాపం, మంచి పిల్ల. ఈమధ్యే నిశ్చితార్థం కూడా అయింది."

"వెళ్ళిపోయింది తాతయ్యా."

ఆయన ఆధారాన్ని కిందికీ పైకీ చూశారు. "వీడెవడు?"

"నేను చేసుకోబోయేవాడు."

"పరిగెడతాడా?"

"వానలో."

"అది చాలు," అని ఛాంపియన్ అతని తల మీద చెయ్యి పెట్టారు. "చల్లగా ఉండండి."

అతను పేపరు విప్పాడు. వార్త ఉంది, ఫోటో ఉంది. కింద వ్యాఖ్య ఇలా ఉంది: 'మనవరాలి క్లినిక్ గోడపై సంతకం చేస్తున్న ఛాంపియన్.' ఎడమ అన్న మాట లేదు.

పేజీ డిజైనర్‌కి ఫోన్ చేశాడు.

"తీసేశాను," అన్నాడు డిజైనర్. "నువ్వు కూడా తప్పు రాస్తావని అనుకోలేదు. ఫోటో ఒకసారి చూసుకో."

అతను గోడ దగ్గరికి వెళ్ళాడు. ఫిజియో వచ్చి పక్కన నిలబడింది. ఆరేళ్ళ క్రితం తను తీసిన ఫోటో వైపు చూసింది. అతని మణికట్టు పట్టుకుంది.

ఫోటోలో పెన్ను కుడిచేతిలో ఉంది.