అక్బర్ బీ కెంపుల హారం

మారేడ్‌పల్లిలో ఆ బంగ్లాకు చెడ్డపేరు. దీపాలు పెట్టాక ఆ గేటు ముందు నుంచి ఎవరూ నడిచేవారు కాదు. పోలీస్ యాక్షన్‌కు వారం ముందు ఆ ఇంటావిడ అక్బర్ బీ అందులోనే జ్వరంతో కన్నుమూసింది... చీకటి పడితే మెట్ల మీద కూర్చుని మెడ తడుముకుంటుందని చెప్పుకునేవారు.

రెజిమెంటల్ బజార్‌లో కంసాలి పని చేసే బ్రహ్మచారి అనే ఆయన నాకు చెప్పిన సంగతి ఇది.

ఆ రోజుల్లో వీరయ్య అని ఒక నగల వ్యాపారి ఉండేవాడు. ఊరంతా భయంతో తలుపులు మూసుకుంటే వీడికి మాత్రం పండగ. ఊరు విడిచిపోయేవాళ్ళ నగలు కారుచౌకగా కొట్టేసేవాడు. అక్బర్ బీ కూతురు చాంద్‌బీ కూడా గతిలేక తల్లి హారం తెచ్చింది. ముందు కెంపులు, వెనక పచ్చటి రంగు అద్దిన మీనా పని.

"గాజురాళ్ళమ్మా," అని పెదవి విరిచి, బంగారం ధరలో సగం చేతిలో పెట్టాడు.

మర్నాడే దాన్ని మెరుగు పెట్టమని బ్రహ్మచారికిచ్చాడు.

"మొగలుల కాలంది, అసలు కెంపులు! రేపు పొద్దుగూకినంక మారేడ్‌పల్లిల ఒక దొరసానికి ఇయ్యాలె."

బ్రహ్మచారికి ఒళ్ళు మండింది. పాత తీరులో ఆ హారాన్ని పన్నెండేళ్ళ కింద అక్బర్ బీకి చేసిచ్చింది తనే! ఆ రాత్రే వెళ్ళి చాంద్‌బీకి చెప్పాడు.

మరునాడు చీకటి పడ్డాక వీరయ్య హారం మూట పట్టుకుని, దొరసాని ఇంటికి పోయే దారిలో ఆ బంగ్లా ముందుకొచ్చాడు. "దయ్యమా, గియ్యమా," అని గొణుక్కుంటూనే అడుగు జోరు పెంచాడు...

మెట్ల మీద — తెల్లటి ముసుగు.

"వీరయ్యా... నా కెంపులు గాజువా?"

వీరయ్య మూటను గుండెకు అదుముకున్నాడు. "కా... కాదమ్మా."

"వినబడ్తలేదు..."

"అసలువే!" గొంతు చించుకున్నాడు. "అసలు కెంపులే! నీ బిడ్డను మోసం చేసిన! నన్ను ఇడిసిపెట్టు తల్లీ!"

చుట్టుపక్కల కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. వీరయ్య మూటను మెట్ల మీదికి విసిరి అక్కడే కూలబడ్డాడు.

ముసుగు తొలిగింది.

చాంద్‌బీ!

గోడ వెనక నుంచి బ్రహ్మచారి లాంతరుతో వచ్చాడు. ఆమె హారం మెడలో వేసుకుంది. వాడిచ్చిన, ఇంకా ఖర్చుపెట్టని నిజాం హాలీ నోట్లను కొంగులోంచి విప్పి, వాడి మొహాన కొట్టింది.

"నీ పైసలు నువ్వే తిను. థూ!"

కిటికీల్లో నవ్వులు. మనిషన్నవాడైతే తల దించుకుని పోతాడు. వీడు మోకాళ్ళ మీద పాకుతూ, మట్టిలో నోట్లు ఏరుకుంటూ అన్నాడట —

"చారీ... లాంతరు జెర ఇటు పట్టు. ఒకటి తక్కువొస్తుంది."