మూడుపళ్ల కొండలో మట్టి దేవతలు

వకుళ మెత్తటి బంకమట్టిని అచ్చులోకి అద్ది, బొటనవేలితో మూలమూలకూ ఒత్తి, ఊపిరి బిగబట్టి మెల్లగా పైకి లేపింది. అరచేయంత మట్టి పలక మీద ఒక లోకం లేచి నిలబడింది. మూడు కోరపళ్లలాంటి శిఖరాలున్న కొండ, దాని నడుమ నుంచి జారే నీటిధార, ధార వెనుక గుహ. ఆ గుహలో ఒక స్త్రీమూర్తి. ఆమెకు తల లేదు. తల ఉండాల్సిన చోట పద్మం విరిసి ఉంది.

“ఏం కనపడె?” అంటూ కోదండం ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు.

కోదండం ఆమె మేనమామ కొడుకు. బేతంచెర్లలో నాపరాళ్ల గని నడుపుతాడు. బండను తట్టి చూసి లోపలి పగులు ఎటు పోతుందో చెప్పగలడు గానీ, చిన్నప్పటి నుంచీ అతని మనసంతా నిధుల మీదే. ఎండాకాలం కృష్ణ నీళ్లు వెనక్కి పోయినప్పుడు బయటపడ్డ ఇటుకల దిబ్బలో ఆ అచ్చు దొరికింది అతనికే. మ్యూజియంలో పాత విగ్రహాలకు బొమ్మలు గీసే మరదలు ఉండగా ఇంకెవరికి చూపిస్తాడు?

“నడుమనున్న తల్లి మన తల్లే బావా. పిల్లల కోసం, పంటల కోసం మన పూర్వులు కొలిచిన అమ్మ. కానీ ఈ అంచు చూడు. ఈవిడ సింహం మీద నిలబడింది. ఈవిడకు రెక్కలున్నాయి. ఈవిడ భుజం మీద గుడ్లగూబ. వీళ్లు సముద్రాల అవతలివాళ్లు.”

“మరి మన కొండలో ఏం చేస్తాండారు?”

ఆ ప్రశ్నే కొన్నేళ్లుగా వకుళను నిద్రపోనివ్వడం లేదు. పూర్వపు ఓడల్లో మిరియాలు, ముత్యాలే కాదు, దేవతలు కూడా ప్రయాణం చేశారని ఒక సభలో ఆమె అన్నప్పుడు పెద్దలంతా నవ్వారు. “రుజువేదమ్మా?” అన్నారు. ఆ నవ్వు ఇంకా ఆమె చెవుల్లో ఉంది.

“పోదాం బావా,” అంది.

“పోదాం. బంగారం నాది, బొమ్మలు నీవి!” అన్నాడు కోదండం, అప్పుడే గునపం భుజాన వేసుకున్నవాడిలా.

అడవి శాఖ అనుమతి తీసుకుని, ఆత్మకూరు దాటి, నల్లమలలోకి అడుగుపెట్టేసరికి వైశాఖం చివరికొచ్చింది. ముందు నడిచింది చెంచు గూడెం మనిషి పోతమ్మ. యాభై ఏళ్లుంటాయి. నడుముకు కొడవలి, భుజం మీద తేనెపట్లు తీసే నారతాడు. మట్టి పలక చూడగానే, “ఇది మూడుపళ్ల కొండే గదమ్మా! దాని నీటిదొన పక్క బండలకు మా మామ తేనె తీసేటోడు,” అని గలగలా నవ్వి వెంట వచ్చింది.

అడవి ఆ పొద్దున ఒక కలలా ఉంది. రాలిన టేకాకుల మీద అడుగులు పడుతుంటే ఎవరో వెనకే గుసగుసలాడుతూ వస్తున్నట్టుంది. ఇప్పపూల మత్తువాసన గాలిలో తేలుతోంది. ఎండ కొమ్మల సందుల నుంచి పొడుగాటి పట్టుదారాల్లా దిగుతోంది. నెమలి ఒకటి దారికి అడ్డంగా నిలబడి, వీళ్లను గుర్తుపట్టినట్టు మెడ తిప్పి చూసి, తొందర లేకుండా పొదల్లోకి వెళ్లిపోయింది. వకుళకు తాను నడుస్తున్నదో, ఎవరి కలలోనో కదులుతున్నదో తెలియలేదు.

లోయ మలుపు తిరగ్గానే మూడు శిఖరాలు ఎదురుగా లేచాయి. నడిమి శిఖరం నుంచి జలపాతం దిగాలి. ఎండాకాలం కదా, బండను తడిపే సన్నని ధార మాత్రమే ఉంది. దాని వెనుక నిలువెత్తు పలకరాయి ఒకటి కొండకు తలుపులా ఆనించి ఉంది.

కోదండం రాయిని తట్టాడు. చెవి ఆనించి విన్నాడు. కళ్లు మెరిశాయి.

“లోపల బోలు! ఇది కొండలో పుట్టిన రాయి గాదు, ఎవరో తెచ్చి నిలబెట్టినారు. జరగండి పక్కకు!”

గునపం సందులో గుచ్చి, రొమ్ము ఆనించి, గట్టిగా కేకపెట్టి నెట్టాడు. పలకరాయి మూలిగింది. కింద చెక్కిన గాడి వెంట పక్కకు ఒరిగి జరిగింది. లోపలి నుంచి చల్లని, పొడి గాలి వచ్చి ముగ్గురి ముఖాలనూ తాకింది. ఎన్నో వందల ఏళ్లుగా ఎవరూ పీల్చని గాలి అది.

సొరంగం కిందికి వాలుగా దిగింది. టార్చిలైటు వెలుగులో చేతులతో గోడలు తడుముతూ దిగారు. గబ్బిలాలు తలల మీదుగా బుర్రున ఎగిరిపోయాయి. “తల వంచు! రాయి!” అని కోదండం అరుస్తున్నాడు. ఒకచోట కడుపు మీద పాకాల్సి వచ్చింది. ఆ ఇరుకు దాటి నిటారుగా నిలబడగానే వకుళ చేతిలోని టార్చి దానంతటదే కిందికి వాలిపోయింది. దానితో ఇక పనిలేదు.

పెద్ద గుహ. పైకప్పులో ఒక చీలిక, దాని మీదుగా గొడుగులా వంగిన బండ. ఆ చీలిక నుంచి జువ్విచెట్టు వేళ్లు జడల్లా నేలదాకా దిగి ఉన్నాయి. వాటి వెంట వెలుగు తేనెరంగులో జారుతోంది. ఆ వెలుగులో, అర్ధచంద్రాకారపు అరుగు మీద, దేవతలు కొలువుతీరి ఉన్నారు.

నడుమ పద్మం తలగా ఉన్న తల్లి. కుడివైపున, దూరపు రెండు నదుల దేశం నుంచి వచ్చిన ఇష్తార్, వాహనం మీద నిలబడి ఉంది. కానీ ఆ సింహానికి చారలున్నాయి! చేసినవాడు సింహాన్ని ఎన్నడూ చూడలేదు. తనకు తెలిసిన నల్లమల పెద్దపులినే ఆమె కాళ్ల కింద పెట్టాడు. ఆమె పక్కన ఈజిప్టు ఐసిస్ రెక్కలు చాచింది. ఆ రెక్కల్లో నెమలికన్నులు. గ్రీకుల ఎథీనా భుజం మీద గుడ్లగూబ ఉంది. తల మీద శిరస్త్రాణం మాత్రం నీళ్లకుండ కింద పెట్టుకునే చుట్టకుదురులా ఉంది. నురుగులోంచి పుట్టిన ఆఫ్రొడైటి శంఖం మీద నిలబడి, ముంజేతుల నిండా గాజులు, కాలివేళ్లకు మెట్టెలు పెట్టుకుంది.

వకుళ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె పెదవుల మీద నవ్వు కూడా ఉంది.

“ఓడల్లో వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోయి ఉంటారు బావా. ఇంటికి తిరిగి పోలేక, మా అమ్మ ఇట్లా ఉంటుంది, ఇట్లా నిలబడుతుంది అని మన కుమ్మరికి నోటితో చెప్పి చేయించుకున్నారు. మనవాడు విన్నంత విన్నాడు, మిగతాది తన ఇంటి ఆడవాళ్లను చూసి చేశాడు.”

కోదండం వినడం లేదు. పద్మతల్లి పాదాల దగ్గర కంచుపళ్లెం ఉంది. దాని నిండా బంగారు నాణేలు. ఒక్కో నాణెం మీద ఎవరో పరదేశపు రాజు పక్కకు తిరిగి చూస్తున్నాడు. కోదండం మోకాళ్ల మీద కూలబడి, నాణేలను దోసిళ్లతో ఎత్తి తువ్వాల్లో మూటకట్టాడు. లేస్తూ ఐసిస్ రెక్కను ఊతంగా పట్టుకోబోయాడు.

“ముట్టకు!” వకుళ కేక గుహంతా మారుమోగింది.

అతని వేలు తగిలిన చోట రెక్క అంచు పొడిపొడిగా రాలింది. లోపల కాలిన ఎరుపు లేదు, పచ్చిమట్టి బూడిదరంగే ఉంది.

“కాల్చలేదు... ఎండబెట్టారంతే,” అంది వకుళ. “ఇంతకాలం తడి తగలకుండా ఉన్నారు గనుక నిలిచారు.”

కోదండం చేయి వెనక్కి తీసుకుని, రెక్క కింద వంగి చూశాడు. మట్టిలో ఒక బొటనవేలి ముద్ర ఉంది. తన వేలిని దాని ముందు, తాకకుండా, పెట్టి చూశాడు. అంతే పెద్దది.

అప్పుడే పైచీలికలో వెలుగు చప్పున ఆరిపోయింది.

“వాన!” పోతమ్మ తల పైకెత్తింది. “కొండ నెత్తిన వాన పడతాంది. ఇంగ దొన నిండుతాది!”

మరుక్షణం సొరంగంలో బుడబుడ శబ్దం. వాలు వెంట ఎర్రనీళ్లు పాములా జారి వచ్చి గుహ నేల మీద పాకాయి. తలుపు రాయి తీసింది తామే. జలపాతం ఇప్పుడు నేరుగా లోపలికి దిగుతోంది.

“ఈ ఏర్లు పట్టుకోని పైకెక్కుదాం! గట్టిగుండాయి!” అని పోతమ్మ జువ్వివేళ్లను లాగి చూసింది. 

దారి సుళువే. చీలికలోంచి పైకెక్కితే ముగ్గురూ బతుకుతారు, బంగారమూ బతుకుతుంది. వకుళ జువ్వివేళ్ల వైపు చూసింది, దేవతల వైపు చూసింది.

“మీరు ఎక్కండి. నేను బయటికి పోయి రాయి మూస్తాను.”

“నీకు పిచ్చా? అది నీతో కదులుతాదా?” కోదండం ఆమె చేయి పట్టుకున్నాడు. “ధారకు ఎదురు పోతే కొట్టుకపోతావు!”

“తెరిచింది మనమే బావా.”

నీళ్లు అరుగును తాకాయి. శంఖం మీది ఆఫ్రొడైటి పాదం మెల్లగా నల్లబడింది. మెట్టె ఉన్న వేలు ఒకటి మెత్తబడి, జారి, నీళ్లలో కలిసిపోయింది. కోదండం ఆ వేలు పోయిన చోటే చూశాడు. పళ్లు కొరికాడు. మూటను పద్మతల్లి ఒడి పక్కన, ఎత్తు మీద, దించాడు.

“గునపం తే పోతమ్మా! నడువు మరదలా!” అని గర్జించి సొరంగంలోకి దూరాడు.

మోకాళ్ల లోతు ప్రవాహం. ఇరుకులో నీళ్లు గొంతుదాకా వచ్చాయి. ఊపిరి బిగబట్టి ఒకరి చీలమండ ఒకరు పట్టుకుని పాకారు. వకుళ సంచీ, అందులోని కెమెరా, గీతల పుస్తకం ఎక్కడో రాతికి తగులుకుని జారిపోయాయి. ఆమె చేయి చాచింది. మళ్లీ వెనక్కి తీసుకుని ముందుకు పాకింది.

బయట జలపాతం తెల్లగా విరగబడుతోంది. పోతమ్మ తేనెతాడును ఒక చెట్టు మొదలుకు చుట్టి, రెండో కొస కోదండం నడుముకు కట్టింది. అతను ధార కిందికి పోయి గునపం గుచ్చాడు. వకుళ రాతికి వీపు ఆనించి కాళ్లు తన్నిపెట్టింది.

“ఒక్కసారిగా! హైలెస్సా!”

రాయి కదల్లేదు. నీళ్లు నెత్తిన బండల్లా పడుతున్నాయి. “మళ్లా! హైలెస్సా!” రాయి ఒక జానెడు జరిగింది. కోదండం అరచేతులు చీలి నెత్తురు కారుతోంది. “ఇంగొక్కసారి! తల్లీ, కదులు!” అని అరిచాడు. ఏ తల్లిని పిలిచాడో అతనికే తెలియదు. పలకరాయి గాడిలో జారి, ధడాలున తన చోట కూర్చుంది. అదే ఊపులో కోదండం కాళ్లు తేలిపోయాయి. ప్రవాహం అతన్ని అంచుదాకా ఈడ్చింది. తాడు బిగుసుకుంది. వకుళ, పోతమ్మ మడమలు నేలలో దిగేలా నిలబడి, పిడికిలి మీద పిడికిలి వేసి తాడు లాగి అతన్ని ఒడ్డున పడేశారు.

నీళ్లు ఇప్పుడు మూసిన రాతి మీద నుంచి జారి, రెండు పక్కలకూ పాయలై వాగులోకి పోతున్నాయి. ఒక్క చుక్క లోపలికి పోవడం లేదు.

ముగ్గురూ ఒక బండచూరు కింద వణుకుతూ కూర్చున్నారు. వాన అడవంతా నిండిపోయింది. దూరపు చెట్లు పొగలా కరిగిపోతున్నాయి.

“నీ రుజువు పాయె గదా వకుళా,” అన్నాడు కోదండం, చీలిన అరచేతులు చూసుకుంటూ. “మళ్లా ఎండాకాలం వస్తే...”

“తెరిచిన ప్రతిసారీ ఒకరు కరిగిపోతారు బావా. వద్దు.” ఆమెకు ఆ సభ గుర్తుకొచ్చింది. చిత్రంగా, ఆ నవ్వు ఇప్పుడు ఎక్కడో బాగా దూరంలో వినబడింది. “నేను చూశాను. చాలు.”

పోతమ్మ కొంగు పిండుకుంటూ అడిగింది. “ఆ అమ్మలు ఎవరమ్మా? యా ఊరోళ్లు?”

వకుళ చెప్పింది. ఒకామె ఒక్కో ద్వారం దగ్గర ఒక్కో నగ విడిచి చచ్చినవాళ్ల లోకానికి దిగిపోయి మళ్లీ వచ్చిందని. ఒకామె మొగుడి శరీరం ముక్కలైతే నది వెంట తిరిగి తిరిగి ఏరుకుని బతికించుకుందని. ఒకామె తండ్రి తల చీల్చుకుని ఆయుధంతో సహా పుట్టిందని. ఒకామె సముద్రపు నురుగులోంచి లేచిందని. పోతమ్మ గడ్డం కింద చేయి పెట్టుకుని, మధ్య మధ్య “అయ్యో తల్లీ” అంటూ వింది.

“ఇంత కష్టపడి, ఇంత దూరమొచ్చి, మా కొండలో కాపురం పెట్టినారా!” అంది చివరికి. “మా చెంచుపిల్లను చేసుకున్న నరసింహసామి మాకు అల్లుడు. అల్లుడే ఉండాడు ఇన్నాళ్లు. ఇప్పుడు కోడండ్లు గూడా దొరికినారు.”

కోదండం నీళ్లు కారుతున్న ముఖంతో నవ్వాడు. “అయితే ఆ బంగారం వాళ్ల పెండ్లినాటి సొమ్మేలే. వాళ్లకే ఉండనీ.”

పోతమ్మ లేచి, చూరు అంచుదాకా పోయి, రెండు చేతులూ నోటికి దొప్పలా పెట్టుకుని జలపాతం వైపు గట్టిగా కేకేసింది.

“అమ్మా! వాకిలి మూసినాం! నిమ్మళంగా పండుకోండి!”

మూడు శిఖరాలూ ఆ మాటను అందుకుని, ఒకదానికొకటి చెప్పుకున్నాయి.